ఎక్స్-ఫైల్స్ క్షీణత ఎప్పుడు మొదలైంది? – ముగింపు మీద హక్కు ఎవరిది

తెలుగు సాహిత్య చరిత్ర చదివిన ప్రతి విద్యార్థికీ 'క్షీణయుగం' అనే మాట తెలుసు. సుమారు 1775 నుంచి 1875 దాకా నడిచిన నూరేళ్లకు మన చరిత్రకారులు పెట్టిన పేరు అది. అదే నూరేళ్లలో త్యాగయ్య (1767–1847) తన కృతులు పాడాడు. బ్రౌన్ దొర తాళపత్రాలు పోగుచేయించి వేమన పద్యాలు అచ్చువేయించాడు, నిఘంటువు కూర్చాడు. మరి క్షీణించింది ఏది? ఆస్థానం క్షీణించింది. ఆస్థానాన్ని నమ్ముకుని బతికిన ప్రబంధం క్షీణించింది. క్షీణతకు తేదీ వేసినవాళ్లు తమ చేతిలోని కొలబద్ద ఏమిటో కూడా ఆ తేదీతోపాటే చెప్పేశారు.

ఈ పాఠం పనికొచ్చే తగవు ఒకటి అమెరికాలో పాతికేళ్లకు పైగా సాగుతోంది. అది కావ్యం గురించి కాదు, ఒక టెలివిజన్ ధారావాహిక గురించి. దాని పేరు ఎక్స్-ఫైల్స్. గ్రహాంతరవాసులు, దయ్యాలు, నరమాంస భక్షకులు, ప్రభుత్వ రహస్యాలు దాని సరంజామా. 'ఇలాంటి చవకబారు సరుకు మీద విమర్శకుడికి పనేమిటి?' అని పెదవి విరిచేవాళ్లు మనలో ఉండవచ్చు. కోట్లమంది వారం వారం కూర్చుని చూసిన కథను, చూసిన తరువాత ఏళ్ల తరబడి 'ఇది ఎక్కడ చెడింది?' అని వాదించుకున్న కథను వదిలేస్తే, మన విమర్శ గ్రంథాలయాల్లో తప్ప ఎక్కడా బతకదు. పైగా ఈ వాదం అడుగున ఉన్న ప్రశ్న రచయితలందరిదీ: కథ ఎప్పుడు ముగియాలో నిర్ణయించే హక్కు ఎవరిది?

కథ, దాని కట్టుబడి

1993 సెప్టెంబర్ 10న ఫాక్స్ టెలివిజన్‌లో ఎక్స్-ఫైల్స్ మొదలైంది. సృష్టికర్త క్రిస్ కార్టర్. అమెరికా కేంద్ర నేర పరిశోధక సంస్థ ఎఫ్.బి.ఐ.లో ఇద్దరు ఉద్యోగులు. మల్డర్ (నటుడు డేవిడ్ డుకోవ్నీ) చిన్నతనంలో తన చెల్లెలు సమంతాను గ్రహాంతరవాసులు ఎత్తుకుపోయారని నమ్మేవాడు. స్కల్లీ (నటి గిలియన్ ఆండర్సన్) వైద్యశాస్త్రం చదివిన హేతువాది. నమ్మేవాడు పురుషుడు, ప్రశ్నించేది స్త్రీ. అంతకు ముందు తెర మీద అలవాటైన అమరికను తలకిందులు చేయడంలోనే దాని కొత్తదనం కొంత ఉంది. మొదటి పరుగు 2002 మే 19న ముగిసేనాటికి 9 సీజన్లు, 202 ఎపిసోడ్లు అయ్యాయి. మధ్యలో 1998లో ఒక సినిమా, తరువాత 2008లో మరొకటి వచ్చాయి. 2016లోనూ 2018లోనూ ధారావాహికను తిరిగి లేపి మరో 16 ఎపిసోడ్లు తీశారు.

దీని నిర్మాణంలో రెండు పోగులున్నాయి. మూడింట రెండు వంతుల ఎపిసోడ్లు విడికథలు. ఒక ఊరు, ఒక భూతం, ఒక దర్యాప్తు. ఆ వారంతో సరి. మిగిలినవి మూలకథ: గ్రహాంతరవాసులతో రహస్య ఒప్పందం చేసుకున్న ఒక ముఠా, దాని ముందు నిలబడి సిగరెట్ కాల్చే పేరులేని మనిషి, మల్డర్ చెల్లెలి ఆచూకీ. ఈ కట్టుబడి మనకు కొత్తేమీ కాదు. బేతాళ కథల్లో ప్రతి కథా పూర్తవుతుంది, కాని శవం తిరిగి చెట్టెక్కుతుంది. సంస్కృత మూలంలో ఆ కథలు పాతికే. 'చందమామ' మాత్రం ఆ చట్రాన్ని దశాబ్దాల పాటు నడిపింది. ఏ పాఠకుడూ అలిగింది లేదు. ఎందుకంటే శవం చెట్టు దిగి ఏం చెబుతుందో అని ఎవరూ ఎదురుచూడలేదు. ఎదురుచూసింది ఆ నెల కథ కోసం. ఎక్స్-ఫైల్స్ చట్రం అలాంటిది కాదు. నిజం ఎక్కడో ఉంది, అది బయటపడుతుంది అని ప్రతి వారం మాట ఇచ్చింది. మాట ఇచ్చిన చట్రానికి గడువు ఉంటుంది. తగవు అంతా ఆ గడువు దగ్గరే పుట్టింది.

అభిమానులు వేసిన తేదీలు

క్షీణత ఎప్పుడు మొదలైందన్న ప్రశ్నకు అభిమానులు చెప్పే జవాబులు ముఖ్యంగా ఐదు.

మొదటిది 1998. ఐదు సీజన్లు కెనడాలోని వాంకూవర్‌లో తీశారు. ఆరో సీజన్‌కు నిర్మాణం లాస్ ఏంజెలెస్‌కు మారింది. వాన, మంచు, తడిసిన అడవి పోయి ఎండ వచ్చింది. ఎండతోపాటు హాస్యం పెరిగింది, భయం తగ్గింది అని వీరి వాదం.

రెండోది 1999 ఫిబ్రవరి. ఆరో సీజన్ నడుమ, రెండు ఎపిసోడ్లలో ఆ రహస్య ముఠాను దాదాపు పూర్తిగా తగలబెట్టేశారు. శత్రువు పోయాక కథకు పనేముందని వీరి ప్రశ్న.

మూడోది 2000 ఫిబ్రవరి. ఏడో సీజన్‌లో మల్డర్ చెల్లెలి రహస్యం విప్పారు. ఏడేళ్లు మోసిన బరువు ఒక మెత్తటి ఆధ్యాత్మిక పరిష్కారంలో కరిగిపోయింది.

నాలుగోది అదే ఏడాది చివర. డుకోవ్నీ ఎనిమిదో సీజన్‌లో సగం ఎపిసోడ్లకే వచ్చాడు, తొమ్మిదో సీజన్‌లో చివరిదాకా లేనట్టే. అతని స్థానంలోకి రాబర్ట్ పాట్రిక్ నటించిన డాగెట్ వచ్చాడు.

ఐదోది 2001 సెప్టెంబర్ 11. న్యూయార్క్ జంట భవనాలు కూలాక అమెరికా ప్రేక్షకుడికి తన ప్రభుత్వాన్ని అనుమానించే కథలు రుచించలేదని, తొమ్మిదో సీజన్ ఆ దెబ్బకే పడిపోయిందని వీరు చెబుతారు.

వీళ్లు కాక ఇంకో తగవు ఉంది. మల్డర్, స్కల్లీ ప్రేమికులు కావాలని కోరినవాళ్లు ఒక పక్షం, కాకూడదన్నవాళ్లు మరో పక్షం. నేడు ప్రపంచమంతా వాడుతున్న 'షిప్పర్' అనే మాట ఆ మొదటి పక్షం నుంచి పుట్టిందే. ఒక పక్షానికి క్షీణత అయిన ఘట్టం రెండో పక్షానికి ఫలసిద్ధి.

ఈ జవాబుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. వాతావరణాన్ని ప్రేమించినవాడు 1998 అన్నాడు. పన్నాగాన్ని ప్రేమించినవాడు 1999 అన్నాడు. మల్డర్ దుఃఖాన్ని ప్రేమించినవాడు 2000 మొదట్లో, మల్డర్‌నే ప్రేమించినవాడు 2000 చివర్లో తేదీ వేశాడు. ప్రతి తేదీ ఒక ప్రేమకు చిరునామా. అందుకే ఈ వాదం తెగదు. అయితే అభిరుచి భేదమని చెప్పి చేతులు దులుపుకుంటే అది విమర్శ అనిపించుకోదు. ఈ తేదీలను ఉత్పత్తి చరిత్ర ముందు నిలబెట్టి చూడాలి.

తెర వెనుక జరిగింది

ముందుగా వాంకూవర్ వాదం. తొలి ఎపిసోడ్‌కు తగిన అడవి లాస్ ఏంజెలెస్ పరిసరాల్లో దొరక్క నిర్మాతలు కెనడా వెళ్లారు. అక్కడి మబ్బు వెలుతురుకు రూపం ఇచ్చింది ఛాయాగ్రాహకుడు జాన్ బార్ట్‌లీ. చేతిదీపం వెలుగు తప్ప మరేమీ కనపడని ఆ గదులు అతని పనితనం. 1996లో దానికి ఎమ్మీ పురస్కారం వచ్చింది. అతను మూడో సీజన్‌తోనే వెళ్లిపోయాడు, అంటే నిర్మాణం ఊరు మారడానికి రెండేళ్ల ముందు. చీకటి పోయిందని 1998ని నిందించేవాళ్లు ఈ సంగతి గమనించరు. ఊరు ఎందుకు మారిందన్న దానికి వాళ్లు చెప్పే కారణమూ గమనించదగ్గదే. డుకోవ్నీ అప్పుడే పెళ్లి చేసుకున్నాడు, భార్య లాస్ ఏంజెలెస్‌లో నటి, ఇంటికి దగ్గరగా ఉండాలనుకున్నాడు. ఇందులో నిజం ఉంది. కాని ఏడాదికి ఇరవైకి పైగా ఎపిసోడ్లు, రోజుకు పన్నెండు పద్నాలుగు గంటలు, ఇంటికి దూరంగా ఐదేళ్లు పనిచేసిన మనిషి ఇంటికి పోతాననడంలో వింత ఏమిటో ఎవరూ అడగలేదు. నింద కథానాయకుడి భార్య మీదికి పోయింది. పని పద్ధతి మీదికి పోలేదు.

దీనికి ఎదురుగా మరో ఉదంతం పెట్టి చూద్దాం. మొదటి సీజన్ ముగిసే వేళకు గిలియన్ ఆండర్సన్ గర్భవతి. ఆమెను తీసేయాలన్న మాట కూడా వచ్చింది. చివరికి ఆమె ప్రసవానికి వెళ్లే వారాలను కప్పిపుచ్చడానికి, 1994 శరత్కాలంలో స్కల్లీని ఎవరో ఎత్తుకుపోయినట్టు కథ రాశారు. ఆ తరువాత ఏళ్ల పాటు సాగిన మూలకథకు, స్కల్లీ శరీరం మీద రాజ్యం చేసిన ప్రయోగాలనే ఇతివృత్తానికి బీజం అక్కడ పడింది. అభిమానులు స్వర్ణకాలమని పిలిచే ఘట్టం పనిచేసే స్త్రీ గర్భధారణ నుంచి పుట్టింది. అదే ఆండర్సన్‌కు తొలి మూడేళ్లు సహనటుడితో సమానమైన వేతనం లేదు, పోరాడి తెచ్చుకుంది. 2016లో తిరిగి పిలిచినప్పుడు మొదట ఇవ్వజూపింది అతని పారితోషికంలో సగమేనని ఆమె బహిరంగంగా చెప్పింది. మొదటి 202 ఎపిసోడ్లలో స్త్రీలు దర్శకత్వం వహించినవి రెండే. వాటిలో ఒకటి ఆండర్సన్ స్వయంగా తీసింది. హేతువాది అయిన స్త్రీని కథకు కేంద్రం చేసిన ధారావాహిక చుట్టూ ఉన్న కార్ఖానా ఇది.

ఇక నాలుగో తేదీ, డుకోవ్నీ నిష్క్రమణ. దాన్ని నటుడి అహంకారంగా చెప్పుకోవడం పరిపాటి. జరిగింది ఇది: 1999 ఆగస్టులో అతను ఫాక్స్ సంస్థ మీద దావా వేశాడు. పాత ఎపిసోడ్ల పునఃప్రసార హక్కులను సంస్థ తన సొంత అనుబంధ ఛానెళ్లకే మార్కెట్ ధర కంటే తక్కువకు అమ్ముకుందని, లాభంలో వాటా ఉన్న తనకు దానివల్ల నష్టం వచ్చిందని అతని ఆరోపణ. 2000లో కోర్టు బయట రాజీ కుదిరింది. దీని వెనుక ఒక చట్ట చరిత్ర ఉంది. టెలివిజన్ నెట్‌వర్కులు తాము ప్రసారం చేసే కార్యక్రమాల యాజమాన్యాన్ని, పునఃప్రసార లాభాలను గుప్పిట్లో పెట్టుకోకుండా అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ 1970లో నిబంధనలు పెట్టింది. 1990ల మధ్యకల్లా వాటిని ఎత్తేశారు. తీసేది, చూపేది, పాతబడ్డాక తిరిగి కొనేది ఒకే యజమాని కావడానికి దారి తెరుచుకుంది. మూసిన గదిలో కొద్దిమంది పెద్దలు తమలో తాము ఒప్పందాలు చేసుకోవడం గురించే కదా ఎక్స్-ఫైల్స్ కథ! ఆ కథలో సత్యాన్వేషిగా నటించినవాడు కోర్టుకెక్కి చెప్పింది దాదాపు అదే. కాని ఆ ముఠా గురించి ధారావాహికలో ఒక్క ఎపిసోడ్ కూడా రాలేదు.

కుట్ర వేరు, వ్యవస్థ వేరు

ఉత్పత్తి చరిత్ర ఒక్కటే చాలదు. వస్తువు ఏమైందో చూడాలి.

1995 నాటి మూడో సీజన్ మూలకథను తిరిగి చూడండి. అందులోని భయం గాలిలోంచి పుట్టింది కాదు. రెండో ప్రపంచయుద్ధం తరువాత అమెరికా ప్రభుత్వం పదిహేను వందలకు పైగా జర్మన్ శాస్త్రజ్ఞులను, వారిలో నాజీలను కూడా, తన పరిశోధనశాలలకు తెచ్చుకుంది. ఆ కార్యక్రమం పేరే ఒక ఎపిసోడ్‌కు పేరయింది. చైనాలో జీవించివున్న మనుషుల మీద ప్రయోగాలు చేసిన జపాన్ 731వ దళం పేరు మరో ఎపిసోడ్‌కు పెట్టారు. ఆ దళం నాయకులకు అమెరికా శిక్ష తప్పించిన మాట చరిత్ర. అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సుమారు 400 మంది సవాయి రోగం ఉన్న నల్లజాతి పురుషులకు వైద్యం చేయకుండా, రోగం ఎలా ముదురుతుందో ప్రభుత్వ వైద్యులు పరిశీలించారు. ఇవన్నీ తెలిసిన ప్రేక్షకుడికి గ్రహాంతరవాసి ఒక సాకు మాత్రమే. అద్భుతరసం వెనుక జరిగిన నేరం కనబడుతుంది. వాటర్‌గేట్ కుంభకోణాన్ని చూసి పెరిగిన తరానికి తన రాజ్యం మీద కలిగిన అనుమానానికి ఆ రూపం సరిపోయింది. అతీంద్రియ కథ తన కాలపు నిజాన్ని మోయగలదని చెప్పడానికి ఆ ఏడాది ఎపిసోడ్లు చాలు.

తరువాత జరిగింది గమనించాలి. 1996 నవంబర్‌లో, నాలుగో సీజన్‌లో, సిగరెట్ మనిషి గతం చెప్పే ఎపిసోడ్ వచ్చింది. అందులో అధ్యక్షుడు కెనెడీని చంపింది అతను. మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపింది కూడా అతనే. ఈ కథనం నమ్మదగింది కాకపోవచ్చునని ఎపిసోడే సూచిస్తుంది, నిజమే. అయినా ప్రేక్షకుడి మనసులో మిగిలిపోయిన బొమ్మ ఒక్కటే: చరిత్ర మొత్తాన్ని నడిపించిన ఒంటరి మనిషి. వాస్తవంలో కింగ్ మీద ఏళ్ల తరబడి నిఘా పెట్టింది, అతనికి బెదిరింపు ఉత్తరం పంపింది మల్డర్, స్కల్లీలు జీతం తీసుకునే ఎఫ్.బి.ఐ.యే. ఆ సంస్థ 1956 నుంచి 1971 దాకా కమ్యూనిస్టుల మీద, నల్లజాతి ఉద్యమాల మీద నడిపిన రహస్య కార్యక్రమం రికార్డులకెక్కింది. అక్కడ సంస్థ ఉంది, బడ్జెట్ ఉంది, సంతకాలున్నాయి. తెర మీదికి వచ్చేసరికి సంస్థ పోయి పొగ వదిలే మనిషి మిగిలాడు. వ్యవస్థ స్థానంలోకి కుట్ర వచ్చింది. వ్యవస్థను మార్చడానికి జనం కావాలి. కుట్రను బయటపెట్టడానికి ఒక్క వీరుడు చాలు. 202 ఎపిసోడ్లలో మోసపోయిన జనం కనిపిస్తారు, చనిపోయిన జనం కనిపిస్తారు; కూడి నిలబడ్డ జనం దాదాపు కనిపించరు. 1999లో ముఠా నాశనమైనప్పుడు కూడా తగలబెట్టింది ఇంకో రకం గ్రహాంతరవాసులు. నేరం బయటపడనేలేదు, విచారణ జరగనేలేదు. రాజ్యం చేసిన నేరం నెమ్మదిగా మల్డర్ తండ్రి ఎవరు, చెల్లెలు ఎవరి బిడ్డ అనే ఇంటిగుట్టుగా కుదించుకుపోయింది.

అదే ఎపిసోడ్‌లో ఒక వింత ఘట్టం ఉంది. సిగరెట్ మనిషికి రహస్యంగా నవలలు రాసే పిచ్చి. ఏళ్ల తరబడి తిరస్కారాలు. చివరికి ఒక పత్రిక అతని రచన వేసుకుంటానంటుంది. ఉద్యోగానికి రాజీనామా ఉత్తరం రాసుకుని పత్రిక కొనడానికి పోతాడు. తెరిచి చూస్తే ముగింపు మార్చేశారు! రాజీనామా చింపేసి పాత పనికి వెళ్లిపోతాడు. ఈ ఎపిసోడ్ రాసిన గ్లెన్ మోర్గాన్ మొదట అనుకున్న ముగింపులో ఒక పాత్ర చనిపోవాలి. అది కూడా సాగలేదు. ముగింపు తన చేతిలో లేని రచయిత బాధ ఆ హాస్యంలో ఉంది.

మలుపు ఎక్కడ?

ఇప్పుడు తేదీ మాట. ఆ ఎపిసోడ్ వచ్చిన రెండు నెలలకే, 1997 జనవరి 26న, అమెరికా ఫుట్‌బాల్ మహాపోటీ ప్రసారం వెనకాలే ఒక ఎక్స్-ఫైల్స్ ఎపిసోడ్ వేశారు. 2 కోట్ల 90 లక్షల మంది చూశారు. దాని చరిత్రలో అదే శిఖరం. ఆ వేసవిలోనే, నాలుగో సీజన్‌కూ ఐదో సీజన్‌కూ నడుమ, సినిమా తీసేశారు. విడుదల 1998 జూన్‌లో. అంటే ఐదో సీజన్ రాసేనాటికి దాని తరువాతి కథ అప్పటికే డబ్బాలో ఉంది. ఇరవై ఎపిసోడ్లూ ఆ డబ్బా దాకా నడిచి చేరాలి. దానిలో ఉన్న రహస్యం విప్పకూడదు, దానికి అడ్డం రాకూడదు. అదే సమయంలో పాత ఎపిసోడ్ల పునఃప్రసార వ్యాపారం మొదలైంది. ఒకే కథ మూడు సరుకులుగా అమ్ముడవుతోంది: వారం వారం ప్రసారం, సినిమా టికెట్టు, పునఃప్రసార హక్కు. సినిమాకు రహస్యం కొంత విప్పక తప్పదు. ధారావాహిక కొనసాగాలంటే విప్పకూడదు. ఈ వైరుధ్యం పరిష్కారం కాలేదు.

మొదటి మూడేళ్లు జవాబును వాయిదా వేయడం గుణం. స్కల్లీ సందేహానికీ మల్డర్ నమ్మకానికీ సమంగా చోటు దొరికింది ఆ వాయిదా వల్లనే. అదే వాయిదా వంద ఎపిసోడ్లు దాటాక అప్పుగా మారింది. ప్రతి జవాబూ కొత్త ప్రశ్నను పుట్టించాలి గనుక ఏ జవాబుకూ బరువు లేకుండా పోయింది. పరిమాణం పెరిగి పెరిగి గుణం మారడమంటే ఇదే. కనుక మూలకథ క్షీణత 1997లో, సరిగ్గా ఆదరణ పతాకస్థాయిలో ఉన్నప్పుడు మొదలైందని నా వాదం. అభిమానులు చెప్పే 1998, 1999, 2000 జబ్బు లక్షణాలు కనబడిన తేదీలు. జబ్బు తగిలింది అంతకు ముందే. 2001 వాదానికి కూడా జవాబు ఇక్కడే ఉంది. ఎక్స్-ఫైల్స్ బృందమే తీసిన ఉపకథా ధారావాహికలో, 2001 మార్చిలో, ప్రభుత్వంలోని ఒక ముఠా విమానాన్ని న్యూయార్క్ జంట భవనాల మీదికి నడిపించబోయే కథ వేశారు. ఆరు నెలల తరువాత వాస్తవం వచ్చేసరికి ఆ కల్పనకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ముఠా తప్ప చరిత్ర లేని కథకు చరిత్ర ఎదురైతే నోరు పడిపోతుంది.

ఈ వాదానికి ఎదురు నిలిచే సాక్ష్యం ఉంది, దాన్ని దాచకూడదు. 1997 తరువాత కూడా మంచి ఎపిసోడ్లు వచ్చాయి. విన్స్ గిలిగన్ 1998లోనూ 2000లోనూ రాసిన కొన్ని విడికథలు ఆ ధారావాహిక మొత్తంలో ఎన్నదగ్గవి. అయితే అవి ఏ పోగులోవో చూడండి. అన్నీ విడికథలు. ఆ వారం మొదలై ఆ వారం ముగిసినవి. రచయితకు ముగించే హక్కు ఉన్నచోట పనితనం చెడలేదు. హక్కు లేనిచోట అదే బృందం, అదే నటులు, అదే డబ్బు ఉండి కూడా కథ కుళ్లింది. బేతాళుడి కథలు బతికాయి. శవం మాత్రం మోసేకొద్దీ బరువెక్కింది.

నిడివి ఒక్కటే దోషం అనుకోవడానికి కూడా లేదు. అంతకు ముందు 1990లో వచ్చిన ట్విన్ పీక్స్‌లో డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్‌లు హత్యారహస్యాన్ని తొందరపడి విప్పదలచుకోలేదు. ప్రసార సంస్థ ఒత్తిడితో ఆ నవంబర్‌లోనే హంతకుణ్ణి చూపవలసి వచ్చింది. 1991 జూన్‌కల్లా ధారావాహికే ఆగిపోయింది. అక్కడ యజమాని ముందే ముగించమన్నాడు. 2005లో మొదలైన సూపర్‌నేచురల్‌లో దీనికి తలకిందులు. దాని సృష్టికర్త ఎరిక్ క్రిప్కీ కథను ఐదేళ్లకు ఊహించుకున్నాడు. 2010లో ఐదో సీజన్ ముగింపుతో పగ్గాలు వదిలాడు. అది మరో పదేళ్లు నడిచి, 2020లో 327 ఎపిసోడ్లతో ఆగింది. అభిమానులు నేటికీ ఐదో సీజన్ చివర గీత గీసి వాదించుకుంటారు. ఒకచోట తొందర, ఒకచోట సాగదీత. రెండుచోట్లా ముగింపు కథ అవసరం నుంచి రాలేదు.

తిరిగి లేచిన కథ

2016 జనవరిలో ఎక్స్-ఫైల్స్ తిరిగి వచ్చినప్పుడు మల్డర్‌కు నిజం చేరవేసే మిత్రుడిగా ఎవరిని పెట్టారు? మితవాద ప్రచారకుడైన ఒక కార్యక్రమ వ్యాఖ్యాతను. 1993లో రాజ్యాన్ని ప్రశ్నించిన అనుమానం, ఇరవై ఏళ్లు తిరిగేసరికి దేన్నైనా నమ్మించి అమ్ముకునేవాడి సరుకైంది. ఇది రచయితల పొరపాటు మాత్రమే కాదు. వ్యవస్థను వదిలి కుట్రను పట్టుకున్న ఊహ చేరగలిగే చోటు అదే. 2018లో స్కల్లీ బిడ్డ పుట్టుక వెనుక ఆమెకు తెలియకుండా సిగరెట్ మనిషి చేసిన ప్రయోగం ఉందని మూలకథ చెప్పింది. ఒకనాడు స్త్రీ శరీరం మీద రాజ్యం చేసిన నేరాన్ని ఎత్తిచూపిన ఇతివృత్తం, చివరికి ఆ శరీరాన్నే మరో మలుపు కోసం వాడుకుంది. ఆ ఎపిసోడ్ మీద ఆగ్రహించిన అభిమానులు మన విమర్శకుల కంటే ముందే సరైన చోట వేలు పెట్టారు.

అదే ఏడాది డారిన్ మోర్గాన్ రాసిన విడికథ ఒకటి ఈ మొత్తం తగవుకు అద్దం పట్టింది. తానే మొదటినుంచీ మల్డర్, స్కల్లీలతో పనిచేసిన మూడో భాగస్వామినని, అందరి జ్ఞాపకాలనూ ఎవరో మార్చేశారని ఒక మనిషి వచ్చి వాదిస్తాడు. నిజాన్ని దాచవలసిన అవసరం ఇక లేదని, ఏది నమ్మాలో ఎవరికీ తెలియని కాలం వచ్చిందని ప్రతినాయకుడు తేలిగ్గా చెప్పేస్తాడు. పాత ఎపిసోడ్లు నిజంగా అంత గొప్పవా, మన జ్ఞాపకమే వాటిని గొప్ప చేసిందా అన్న ప్రశ్న నవ్వులాటలోంచి తొంగిచూస్తుంది. క్షీణతకు తేదీ వేసే ప్రతివాడూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి.

మనకేమిటి?

ఎక్స్-ఫైల్స్ మొదలైన 1993లోనే, ఫాక్స్ అధిపతి రూపర్ట్ మర్డోక్ ఆసియాలోని స్టార్ టీవీలో సగానికి పైగా వాటా కొన్నాడు. 2015లో తెలుగు మా టీవీ స్టార్ చేతికి వెళ్లింది. 2019లో ఎక్స్-ఫైల్స్ తీసిన స్టూడియో, స్టార్ ఇండియా రెండూ కలిసి డిస్నీ సంస్థకు పోయాయి. 2024 చివర్లో స్టార్ వ్యాపారం రిలయన్స్‌తో ఉమ్మడి సంస్థలోకి చేరింది. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా మన ఇళ్లలో నడిచే దైనిక ధారావాహికలు ఏ ముగింపునూ మనసులో పెట్టుకోకుండా మొదలవుతాయి. ఆదరణ అంకెలు పడిపోయిన వారం హఠాత్తుగా ఆగుతాయి. వాటి రచయిత సంభాషణలు రాసే రోజుకూలీ. వాటిని చూసేవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. 'ఈ కథ ఎప్పుడో చెడింది' అని వాళ్లు వంటింట్లో, బస్సులో చెప్పుకునే మాటలు ఏ విమర్శ గ్రంథంలోకీ ఎక్కలేదు. వారపత్రిక సీరియల్ రోజుల్లో సంపాదకుడు 'ఇంకో పది వారాలు లాగండి' అంటే లాగిన నవలలు మనకూ ఉన్నాయి.

కాబట్టి అభిమానుల తగవును తక్కువ చేయకూడదు. 'ఎప్పుడు చెడింది?' అని అడుగుతున్న ప్రేక్షకుడు నిజానికి 'నాకిచ్చిన మాట ఎవరు తప్పారు?' అని అడుగుతున్నాడు. ఆ ప్రశ్నలో నటుడి పేరో, అతని భార్య పేరో, ఊరి పేరో వేసి ఊరుకోవడం అతని పొరపాటు అయితే, ఆ ప్రశ్నను వినకపోవడం విమర్శకుడి తప్పు. కథను ఎవరు ముగిస్తారు, ఎవరి లాభం కోసం ముగించరు, ముగించే హక్కు చేతిలో ఉన్నచోట పనివాళ్లు ఎలాంటి కథలు చెప్పారు? ఈ మూడు ప్రశ్నలు వేసుకుని మన ధారావాహికల చరిత్ర రాయవలసిన పని ఇంకా మిగిలే ఉంది. సాహిత్య విద్యార్థులెవరైనా దాన్ని చేపడితే, మొదట వెళ్లవలసింది ఆ వంటింటి మాటల దగ్గరికే.